డబుల్ క్యాబ్ పికప్‌కు బకెట్ ఫిట్ సీటు కవర్లు: మీరే బిగించుకునే పద్ధతి

కారు సీట్లకు కవర్లు వేయడం చేతనైనవాళ్లు కూడా పికప్‌లో వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. కారులో వెనక సీటు దాటితే డిక్కీ ఉంటుంది, అటునుంచి చెయ్యి పెట్టి పట్టీ లాగొచ్చు. పికప్‌లో బ్యాక్‌రెస్ట్ వెనక ఉండేది క్యాబిన్ గోడే, మధ్యలో చెయ్యి దూరదు. అందుకే చాలామంది ముందు సీట్లకు శుభ్రంగా వేసి, వెనక సీటుకు మాత్రం దుప్పటి కప్పినట్టు పైపైన కప్పి వదిలేస్తారు. నెల తిరక్కుండానే అది జారి కిందికొస్తుంది.

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్, మహీంద్రా బొలెరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్లున్న) బండ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. సింగిల్ క్యాబ్ అయితే వెనక సీటు భాగం వదిలేసి మిగతాది పాటించండి.

మన దుకాణాల్లో బకెట్ ఫిట్ అని అడిగితే రెండు రకాల పనులు చేస్తారు. ఒకటి, కంపెనీ గుడ్డ మీదే ఆ సీటు కొలతకు కుట్టిన కవర్ తొడిగి జిప్పులు, పట్టీలు, హుక్కులతో బిగించడం. రెండోది, కంపెనీ గుడ్డను పూర్తిగా ఊడదీసి కొత్త రెక్సిన్‌ను హాగ్ రింగులతో (గుడ్డను పట్టి ఉంచే చిన్న లోహపు రింగులు) ఫోమ్‌కు కట్టేయడం. రెండోది చూడ్డానికి బాగుంటుంది గానీ సీటు బయటికి తీయాలి, ఎయిర్‌బ్యాగ్ వైర్లు విప్పాలి, వారంటీ గొడవలు రావచ్చు. ఇంట్లో చేసుకోదగ్గది మొదటిదే, ఇక్కడ చెప్పేదీ దాని గురించే.

ఆర్డర్ ఇచ్చే ముందు

బండి పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే మోడల్‌లో వేరియంట్ మారితే సీటు మారుతుంది. ఫోన్‌తో ప్రతి సీటునూ ముందు, పక్క, వెనక, కింద నుంచి ఫొటోలు తీసి దుకాణానికి పంపండి. ఈ సంగతులు కూడా రాసి ఇవ్వండి: హెడ్‌రెస్ట్ విడిగా ఊడుతుందా, సీటుతో కలిసే ఉందా, వెనక హెడ్‌రెస్టులు రెండా మూడా, డ్రైవర్ సీటుకు ఎత్తు పెంచే లివర్ ఉందా, మోటారు స్విచ్‌లు ఉన్నాయా, సీటు వెనక మ్యాప్ పాకెట్ ఉందా, వెనక సీటు ఒకే పలకా, 60:40గా విడిపోతుందా, మధ్యలో దిగే ఆర్మ్‌రెస్ట్ ఉందా, మధ్య సీటు బెల్టు ఎక్కణ్ణుంచి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ముందు సీటు బ్యాక్‌రెస్ట్‌కు తలుపు వైపు ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉందేమో చూడటం. ఉంటే ఆ సీటులోనే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు.

బయటి దేశం నుంచి తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. థాయిలాండ్, ఆస్ట్రేలియాల్లో కూడా స్టీరింగ్ మనలాగే కుడివైపే ఉంటుంది కాబట్టి హైలక్స్ కవర్లు అక్కడివి వాడే వీలుంది, వేరియంట్ సరిపోల్చుకుంటే చాలు. అమెరికా కవర్లతో అలా కుదరదు. అక్కడ డ్రైవర్ సీటు ఎడమవైపు, కాబట్టి లివర్ల చీలికలు, ఎయిర్‌బ్యాగ్ కుట్టు అన్నీ తారుమారవుతాయి.

ఏ మెటీరియల్

బండి ఏ పనికి తిరుగుతుందో దాన్నిబట్టి ఎంచుకోవాలి. రొయ్యల చెరువుల మీద తిరిగే బండిలో తడి బట్టలతో, ఉప్పు నీళ్ల చేతులతో కూర్చుంటారు. దానికి నీళ్లు ఇంకని రెక్సిన్ గానీ నియోప్రీన్ (రబ్బరు లాంటి గుడ్డ) గానీ మేలు. ఇనుప జిప్పులు వద్దు, నైలాన్ జిప్పులే అడగండి. ఇనుపవి ఉప్పుకు తుప్పు పట్టి ఒక్క వర్షాకాలంలోనే బిగుసుకుపోతాయి. చీమకుర్తి లాంటి గ్రానైట్ క్వారీల దగ్గర తిరిగే బండికి ఇబ్బంది దుమ్ముతో. సన్నటి రాతిపొడి గుడ్డ నేతలోకి దిగి ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. తడిగుడ్డతో తుడిచేసే నున్నటి రెక్సిన్ దానికి సరి. మిర్చి, పత్తి బస్తాలు వేసుకునే రైతు బండికి మందపు కాన్వాస్ ఎక్కువ కాలం మన్నుతుంది, మే నెల ఎండలో ఒంటికి అంటుకోదు కూడా.

నప్పా లెదర్ అని మన దగ్గర అమ్మేదాంట్లో ఎక్కువ భాగం తోలు కాదు, మెత్తటి పీయూ రెక్సిన్. అది చెడ్డదని కాదు, తోలు ధర మాత్రం పెట్టొద్దు. చిల్లులున్న రకం తీసుకుంటే వీపుకు గాలి ఆడుతుంది గానీ ఆ చిల్లుల్లో దుమ్ము చేరుతుంది. క్వారీ బండికి అది పనికిరాదు. కవర్ లోపలి ఫోమ్ 3 నుంచి 5 మి.మీ. ఉంటే చాలు. 10 మి.మీ. ఫోమ్ వేస్తాం, మెత్తగా ఉంటుందని దుకాణంవాళ్లు ఊరిస్తారు. అంత మందం ఉంటే కవర్ సందుల్లోకి దూరదు, వెనక సీటు లాక్ పడటం కష్టమవుతుంది.

కావలసిన సామాను

- ప్లాస్టిక్ ట్రిమ్ పట్టీ. లేకపోతే టేపు చుట్టిన పాత చెక్క స్కేలు
- 60 సెం.మీ. పొడవున్న గట్టి తీగ, ఒక కొస కొక్కెంలా వంచి, మొనకు టేపు చుట్టినది
- నోస్ ప్లయర్, కత్తెర, సుద్దముక్క, రంధ్రాలు వేసే పంచ్
- 10, 12, 14 సాకెట్లు, రాచెట్, వీలైతే టార్క్ రెంచ్ (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా)
- టార్చి, గట్టి చేతి తొడుగులు (సీటు కింద రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి)
- డ్రైక్లీనింగ్ బట్టలకు తొడిగే పల్చటి ప్లాస్టిక్ సంచులు నాలుగైదు
- కేబుల్ టైలు పది, వ్యాక్యూమ్ క్లీనర్, హెయిర్ డ్రయర్

మొదటిసారి చేసేవాళ్లకు ముందు రెండు సీట్లకు రెండు గంటలు, వెనక సీటుకు మరో రెండు గంటలు పడుతుంది. వెనక సీటుకు ఇంకో మనిషి సాయం తప్పనిసరి.

ముందస్తు పని

రెక్సిన్ కవర్లయితే ప్యాకింగ్ విప్పి అరగంట ఎండలో పరవండి. వేడికి మెత్తబడి సాగుతాయి. ఏసీ గదిలోంచి తెచ్చిన కవర్‌ను అలాగే తొడగబోతే ఎక్కదు. బలవంతంగా లాగితే కుట్టు పిగులుతుంది. కాన్వాస్‌కు ఎండ అక్కర్లేదు.

ఈలోగా ముక్కలన్నీ నేల మీద సీట్లు ఉన్న వరుసలోనే పరిచి పెట్టుకోండి. రెండు ముందు బ్యాక్‌రెస్టులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాదు. మన బండ్లలో డ్రైవర్ సీటు కుడివైపుది, దాని తలుపు వైపు కూడా కుడే. డ్రైవర్ బ్యాక్‌రెస్ట్ కవర్‌లో ఎయిర్‌బ్యాగ్ కుట్టు గానీ ఖాళీ గానీ కుడివైపు రావాలి, పక్క సీటుది ఎడమవైపు రావాలి. ప్రతిదానికీ లోపల మాస్కింగ్ టేపు మీద పేరు రాసి అంటించండి.

సీట్లను పూర్తిగా వ్యాక్యూమ్ చేయండి. కుషన్‌కూ బ్యాక్‌రెస్ట్‌కూ మధ్య సందులో వడ్లగింజలు, నాణేలు, మేకులు ఏవో ఒకటి ఉంటాయి. మేకు మిగిలిపోతే కొత్త కవర్‌ను లోపల్నుంచి చింపుతుంది. గింజలు మిగిలితే ఎలుకలొస్తాయి, అవి కొరికేది గింజల్ని మాత్రమే కాదు, వైర్లను కూడా. గుడ్డను షాంపూ నీళ్లతో తుడిస్తే ఒక పూటంతా తలుపులు తీసి ఆరబెట్టండి. తడి మీద రెక్సిన్ వేస్తే బూజు వాసన బండిని వదలదు.

పాత బండిలో డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు దిగిపోయి ఉంటుంది, రోజూ ఎక్కిదిగేటప్పుడు ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది కదా. దాన్ని అలాగే వదిలేసి కవర్ వేస్తే అక్కడ సంచిలా వేలాడుతుంది. కుషన్ అంచు మీద 10 మి.మీ. గట్టి ఫోమ్ ముక్కను స్ప్రే గమ్‌తో అంటించి ఎత్తు సరిచేయండి. బ్యాక్‌రెస్ట్ అంచు మీద ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట మాత్రం ఏ ముక్కా అంటించకూడదు.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటు

ఇక్కడ కాస్త నిదానించాలి. సైడ్ ఎయిర్‌బ్యాగ్ బ్యాక్‌రెస్ట్ అంచులోని కుట్టును చీల్చుకుని కనురెప్ప పడేలోపే బయటికొస్తుంది. ఆ కుట్టును కంపెనీవాళ్లు కావాలనే తేలిగ్గా తెగేలా కుడతారు. దాని మీద మామూలు నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టిన రెక్సిన్ వేస్తే బ్యాగ్ ఆలస్యంగా రావచ్చు, పక్కదారిన రావచ్చు, లోపలే చిక్కుకోవచ్చు.

ఎయిర్‌బ్యాగ్ కంపాటిబుల్ అని ట్యాగ్ వేసి అమ్మే కవర్లు చాలా ఉన్నాయి. ట్యాగ్ కుట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ కుట్టు ఏ దారంతో వేశారు, పరీక్ష చేయించారా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే, లేదా ఊళ్లో టైలర్ చేత కుట్టించుకుంటుంటే, తలుపు వైపు ఎయిర్‌బ్యాగ్ భాగాన్ని కప్పకుండా ఖాళీగా వదలమనండి. అక్కడ కంపెనీ గుడ్డ కనబడుతుంది, అందం కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ ఖాళీ మీదుగా పట్టీ, ఎలాస్టిక్, జిప్ ఏదీ అడ్డంగా పోకూడదు. అక్కడ పిన్నులు గుచ్చడం, తర్వాత చేతికుట్టు వేయడం కూడా కూడదు.

సీటు కింద పసుపు రంగు కనెక్టర్, పసుపు పైపులో వైర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగ్‌వని అనుకోండి. కవర్ తొడగడానికి వాటిని విప్పాల్సిన పని లేదు. అయినా కింద చేతులు పెట్టి పట్టీలు లాగుతాం కాబట్టి పొరపాటున ఊడవచ్చు. అందుకే తాళం తీసి, 10 స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కన పెట్టండి. టయోటా బండ్లకు కనీసం 90 సెకన్లు ఆగమని కంపెనీ చెబుతుంది. ఏ బండయినా ఐదు నిమిషాలు ఆగండి, మాన్యువల్‌లో అంతకంటే ఎక్కువ రాసుంటే అంతసేపు. డ్రైవర్ సీటు మోటారుతో నడిచేదైతే బ్యాటరీ విప్పకముందే సీటును మధ్యకు తెచ్చి, పూర్తిగా పైకెత్తి పెట్టుకోండి. తర్వాత కదలదు.

ముందు బ్యాక్‌రెస్ట్

హెడ్‌రెస్ట్ రెండు కడ్డీల్లో ఒకదాని మొదట్లో నొక్కుడు బటన్ ఉంటుంది, కొన్నిట్లో రెండు వైపులా ఉంటాయి. నొక్కిపట్టి పైకి లాగండి. గాడులున్న కడ్డీ ఏ వైపుదో గుర్తు పెట్టుకోండి, తిరగేసి పెడితే ఎత్తు లాక్ పడదు.

బ్యాక్‌రెస్ట్‌ను కాస్త వెనక్కి వాల్చి, పై సగానికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడగండి. గుడ్డ మీద రెక్సిన్ రాపిడికి జారదు, సంచి ఉంటే జారుతుంది. కవర్ కింది సగాన్ని బయటికి మడిచి, పై అంచు రెండు మూలలూ సీటు మూలల్లో సరిగ్గా కూర్చోబెట్టండి. తర్వాత రెండు చేతులతో రెండు వైపులా ఒకేసారి, ఒక్కో జానెడు చొప్పున కిందికి దించుకుంటూ రండి. ఒక వైపు పూర్తిగా లాగేసి రెండో వైపు మొదలుపెడితే కవర్ మెలికపడుతుంది. ఆ మెలిక తర్వాత ఎంత సర్దినా పోదు, మళ్లీ తీయాల్సిందే.

సగం దిగాక ఆగి చూడండి. కవర్ పైపింగ్ (అంచు వెంట తాడులా ఉబ్బి కనిపించే కుట్టు), సీటు సొంత కుట్టు ఒకే గీత మీద ఉన్నాయా? హెడ్‌రెస్ట్ రంధ్రాలు ఎదురెదురుగా వచ్చాయా? ఎయిర్‌బ్యాగ్ ఖాళీ ట్యాగ్ దగ్గరే ఉందా? అప్పుడు ప్లాస్టిక్ సంచిని చింపుతూ బయటికి లాగేయండి. లోపల వదిలేస్తే కూర్చున్నప్పుడల్లా చప్పుడవుతుంది, చెమట పడుతుంది.

ఇక కవర్‌ను పట్టి ఉంచేది కింది రెక్క. బ్యాక్‌రెస్ట్ కవర్ ముందు భాగం కింద వేలాడే రెక్కను కుషన్‌కూ బ్యాక్‌రెస్ట్‌కూ మధ్య సందులోంచి వెనక్కి తోయాలి. ట్రిమ్ పట్టీ అంచును రెక్క మధ్యలో పెట్టి నొక్కితే లోపలికి పోతుంది. వెనక నుంచి తీగ కొక్కెంతో అందుకుని లాగండి. రెక్క మధ్య, రెండు చివరలు మూడూ సమంగా బయటికి వచ్చాకే వెనక పలకతో కలిపి వెల్క్రో గానీ జిప్ గానీ వేయండి. జిప్‌ను ఒక్క ఊపులో లాగొద్దు. రెండు అంచులనూ ఎడమచేత్తో దగ్గరికి పట్టి, కుడిచేత్తో వేలెడు వేలెడు చొప్పున జరపండి. జిప్ పళ్ల మీద బరువు పడి ఒక్క పన్ను జారినా ఆ జిప్ పని అయిపోయినట్టే.

ముందు కుషన్

సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు అంచు తొడగండి, తర్వాత పూర్తిగా ముందుకు జరిపి వెనక రెక్కను లాగండి. మోటారు సీటైతే మధ్యలో ఉన్నచోటే రెండూ చేయండి. పక్కన లివర్ల దగ్గర చీలికలు సరిగ్గా కుదరకపోతే సుద్దతో గుర్తు పెట్టండి. చీలిక రెండు చివర్లా ముందు పంచ్‌తో చిన్న గుండ్రటి రంధ్రం వేసి, ఆ రెంటినీ కలుపుతూ కోయండి. నేరుగా కత్తెర పెట్టి కోస్తే చివర నుంచి చిరుగు సాగుతూ పోతుంది. కావలసినదాని కంటే అర సెం.మీ. తక్కువే కోయండి, రెక్సిన్ సాగుతుంది.

సీటు బెల్టు బకిల్ కవర్ పైకి పూర్తిగా తేలి ఉండాలి. బకిల్ కిందనుంచి హెచ్చరిక వైరు పోతుంది, పట్టీ దాన్ని నొక్కకూడదు.

కింది పట్టీలు ఎక్కడ తగిలిస్తారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. హుక్కు సీటు రేకు ఫ్రేములోని రంధ్రానికి గానీ కదలని అడ్డకడ్డీకి గానీ వేయాలి. స్ప్రింగులకు వేస్తే కూర్చున్న ప్రతిసారీ పట్టీ వదులై బిగుస్తుంది, హుక్కు అరిగి ఊడిపోతుంది. ముందుకు వెనక్కి జరిపే కడ్డీకి వేస్తే సీటు లాక్ సగంలో ఆగొచ్చు. బండి నడుస్తుండగా డ్రైవర్ సీటు జారడం కంటే ప్రమాదం ఇంకేముంటుంది? వైర్ల గుత్తికి అసలు వేయకండి. పట్టీలు వైర్లకు పైనుంచి, సీటు అడుగును ఆనుకుని పోవాలి.

ఒక్కో పట్టీ వేయగానే సీటును ఆ చివర నుంచి ఈ చివరకు జరిపి చూడండి (మోటారు సీటునైతే బ్యాటరీ కలిపాక). అన్నీ వేశాక చూస్తే ఏది అడ్డొస్తోందో వెతుక్కోవాలి. హుక్కు తగిలించాక ప్లయర్‌తో నోరు నొక్కేయండి, గతుకుల్లో ఊడదు. మిగిలిన పట్టీ కొసలు చుట్టి కేబుల్ టై వేయండి. డ్రైవర్ సీటు ముందు నుంచి పట్టీ కొస పెడల్స్ వైపు వేలాడనివ్వొద్దు.

టాటా ఏస్ లాంటి చిన్న బండ్లలో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది. వాటికి కవర్ వేసేటప్పుడు పట్టీలు కింద వేలాడకుండా సీటు ఫ్రేముకే చుట్టి కట్టాలి. ఇంజిన్ పని పడ్డప్పుడు సీటు తేలిగ్గా లేచేలా కూడా చూసుకోవాలి.

వెనక సీటు

ముందుగా కుషన్. కొన్ని బండ్లలో లివర్ గానీ బట్ట పట్టీ గానీ లాగితే కుషన్ పైకి లేచి గోడకు ఆనుకుంటుంది. కొన్నిట్లో ముందు అంచు క్లిప్పుల్లో ఉంటుంది, దగ్గరగా పట్టి పైకి ఒక్క ఊపు ఊపితే వస్తుంది. ఇంకొన్ని బోల్టులతో ఉంటాయి. ఏ రకమో మాన్యువల్‌లో జాకీ, పానాలు ఎక్కడున్నాయో చెప్పే పేజీ తీస్తే తెలిసిపోతుంది, పికప్‌లలో అవి తరచు వెనక సీటు కిందో, వెనకో ఉంటాయి. ఆ సామాను బయట పెట్టండి. కవర్ వేశాక కూడా అవి తీయడానికి వీలుండాలి.

బ్యాక్‌రెస్ట్ దగ్గర రెండు పరిస్థితులుంటాయి. పైన పట్టీ లాగితే ముందుకు పడుకునేదైతే అదృష్టమే, మడిచి వెనకనుంచి జిప్ వేసేయొచ్చు. మడవనిదైతే గోడకు బిగించి ఉంటుంది. చాలావాటికి కింద బోల్టులు, పైన గోడకున్న కొక్కేలు. బోల్టులు విప్పాక బ్యాక్‌రెస్ట్‌ను ముందుకు లాగితే రాదు. ముందు నిట్టనిలువుగా పైకి ఎత్తాలి, కొక్కెం వదిలాక ముందుకు తేవాలి. ఇద్దరు చెరో వైపు పట్టుకోండి, లేకపోతే ఒక మూల వెనక అద్దానికి తగులుతుంది. బెల్టులు, బకిళ్లు ఏ దారిలో వచ్చాయో విప్పకముందే ఫొటో తీసుకోండి. బోల్టు విప్పితే బెల్టు కూడా ఊడే చోట్లుంటాయి. అలాంటివి మళ్లీ బిగించడానికి మాన్యువల్‌లో చెప్పిన టార్క్ తెలియకపోతే ఆ పని వర్క్‌షాప్‌కు వదిలేయండి.

బ్యాక్‌రెస్ట్ బయటికి వస్తే పని హాయి. చాప మీద బోర్లా పడుకోబెట్టి, దిండుకు గలీబు తొడిగినట్టు తొడిగి, వెనక పట్టీలు బూటు లేసులాగా అటూ ఇటూ సమంగా లాగి కట్టండి. ఒక్కసారి గోడకు ఎక్కాక సరిచేయడం కుదరదు కాబట్టి ముడతలన్నీ ఇక్కడే తీసేయాలి.

ఎక్కించేముందు మూడు చూడాలి. పిల్లల సీటు పైపట్టీని తగిలించే లూపులు చాలా పికప్‌లలో వెనక బ్యాక్‌రెస్ట్ పైనో వెనకో ఉంటాయి. కవర్ వాటిని మింగేయకూడదు. కుషన్, బ్యాక్‌రెస్ట్ కలిసే సందులో ఐసోఫిక్స్ కడ్డీలుంటే (పిల్లల సీటును బిగించేవి) అక్కడ చీలికలుండాలి. బెల్టు బకిళ్లు మూడూ పైకి రావాలి, ఎవరూ కూర్చోరులే అని మధ్యది లోపల దాచేయడం మన దగ్గర మామూలు. అయిదుగురు ఎక్కిన రోజు అదే కావాలి.

తిరిగి పెట్టేటప్పుడు బోల్టులన్నీ మొదట వేళ్లతో తిప్పండి, నాలుగైదు చుట్లు తేలిగ్గా పోవాలి. పోకపోతే వంకరగా పడిందని. మరలు పాడైతే క్యాబిన్ రేకులోని నట్టును మార్చడం పెద్ద పని. గాలి గన్ వాడొద్దు.

60:40 సీటులో కొత్త కవర్ల మందం వల్ల రెండు ముక్కల మధ్య సందు తగ్గుతుంది, పైపింగ్ లావుగా ఉంటే లాక్ పూర్తిగా పడదు. టక్కున చప్పుడు వచ్చిందని సరిపెట్టుకోకండి. పై అంచు పట్టుకుని గట్టిగా ముందుకు లాగి చూడండి. కదిలిందంటే లాక్ పక్కన కవర్‌ను సడలించి, పైపింగ్‌ను లాక్ నోటి నుంచి పక్కకు జరపాలి.

హెడ్‌రెస్టులు చిన్నవేగానీ చిరాకు పెడతాయి. ప్లాస్టిక్ సంచి చుట్టి, ఫోమ్‌ను మోకాళ్ల మధ్య నొక్కి తొడగండి. కడ్డీల దగ్గర వెల్క్రో మూశాక ముందువైపు ఏదో సరిచూసుకుని సీటులోకి దించండి.

ముడతలు ఏం చెబుతాయి

నడుం దగ్గర అడ్డంగా ముడతలుంటే కింది రెక్క సరిగ్గా వెనక్కి రాలేదు. మళ్లీ లాగండి. మూల నుంచి మూలకు ఏటవాలుగా ఉంటే కవర్ మెలికపడింది, పైపింగ్ గీత చూసి తిప్పాలి. తలుపు వైపు అంచులోనే వదులుంటే కవర్ తప్పు కాదు, ఫోమ్ దిగింది. కుషన్ కవర్ ముందుకు జారుతుంటే వెనక రెక్కకు పట్టు లేదు. ఆ రెక్క కొసన మడతలో అరంగుళం పీవీసీ పైపు ముక్క సీటు వెడల్పున దూర్చి సందు వెనక్కి దించితే, లాగినా బయటికి రాదు. పైపు కొసలు నున్నగా గీకండి.

కొత్త రెక్సిన్ మీద ప్యాకింగ్ మడతల గీతలకు హెయిర్ డ్రయర్ చాలు. మధ్యస్థ వేడిలో, జానెడు దూరంలో, ఒకచోట ఆపకుండా తిప్పుతూ అరచేత్తో మధ్యనుంచి అంచులకు రాయండి. పెయింటు ఊడదీసే హీట్ గన్ వాడితే రెక్సిన్ మెరిసిపోయి మచ్చపడుతుంది. ఎయిర్‌బ్యాగ్ వైపు వేడి పెట్టొద్దు. ఇక మిగిలిన చిన్నచిన్న ముడతలను పట్టించుకోకండి, రెండు మూడు రోజులు ఎండలో తిరిగితే వాటంతటవే సర్దుకుంటాయి. వారం తర్వాత పట్టీలు ఒకసారి మళ్లీ బిగించండి, ఫోమ్ అణిగి వదులవుతాయి.

బ్యాటరీ కలిపాక

ముందు సీటు కిందకు టార్చి వేసి పసుపు కనెక్టర్లు చోటులోనే ఉన్నాయని చూసి, అప్పుడు నెగటివ్ కలపండి. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే తాళం తీసేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేస్తూ వైర్లు కదిలించి చూడొద్దు, మల్టీమీటర్ పెట్టొద్దు. కనెక్టర్ సరిగ్గా కూర్చున్నా కూడా తప్పు కోడ్ నమోదై ఉండొచ్చు, దాన్ని వర్క్‌షాప్‌లో స్కానర్‌తోనే తీయాలి. గడియారం, కొన్ని బండ్లలో కిటికీ అద్దాల ఆటో లిఫ్ట్ మళ్లీ సెట్ చేసుకోవాలి.

పక్క సీటు ఖాళీగా ఉన్నా బెల్టు పెట్టుకోమని కూస్తోందంటే, బిగించిన కవర్ కుషన్‌లోని సెన్సార్‌ను నొక్కుతోంది. కింది పట్టీలు ఒక్కో మెట్టు వదిలితే చాలాసార్లు ఆగిపోతుంది. కూత ఆపడానికి బకిల్‌లో ఉత్త క్లిప్ పెట్టే అలవాటు మానండి, మనిషి ఎక్కినా అది కూయదు.

తర్వాతి సంగతి

రెక్సిన్‌ను మెత్తటి గుడ్డ, కొద్దిగా షాంపూ నీళ్లతో తుడిస్తే చాలు. థిన్నర్, పెట్రోలు పైపూతను తినేస్తాయి, శానిటైజర్ పడితే మెరుపు పోతుంది. మెరుపు కోసం నూనె, డాష్‌బోర్డ్ పాలిష్ రాసేవాళ్లున్నారు. సీటు జారుడుగా అయి బ్రేకు వేసినప్పుడు మనిషి ముందుకు జారుతాడు. కాన్వాస్‌ను చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. వేడినీళ్లకు ముడుచుకుపోతే మళ్లీ ఎక్కదు. చెరువుల మీద తిరిగే బండికి మూడు నెలలకోసారి సీటు కింద హుక్కులు చూడండి, తుప్పు కనబడితే స్టెయిన్‌లెస్ స్టీలువి వేసేయండి.